అసిరమ్మ ఎంచిన ప్లేయరు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గూడ్సు డ్రైవర్ల ఇళ్ళను గుర్తుపట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఇంటివాళ్ళు చేతిసైగలతో మాట్లాడుకుంటూ ఉంటే అది డ్రైవరిల్లే. లోపల, రాత్రంతా బొగ్గుబండి లాగి వచ్చినవాడు నిద్రపోతున్నాడని అర్థం. ఆ నిద్ర చెడితే మరుసటి డ్యూటీలో పట్టాల మీద ఏం జరుగుతుందో ఊహించే ధైర్యం ఏ డ్రైవరు పెళ్ళానికీ ఉండదు.

అసిరమ్మ అలాంటి ఇంటికి కోడలై వచ్చింది. టెక్కలి పక్క పల్లెటూళ్ళో పుట్టిన మనిషి. ఆవిడ ఇంట్లో పిలిస్తే పొలంలో ఉన్నవాడు పలికేవాడట, అంత గొంతు. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ వేసిన తాలింపు చప్పుడుకి మొగుడు శంకరరావు ఉలిక్కిపడి లేచి, బ్రేకు హ్యాండిల్ కోసం మంచం మీద తడుముకున్నాడు. ఆ తడుముకోవడం చూశాక అసిరమ్మ గుండె జారిపోయింది. మర్నాటి నుంచి తాలింపు పెరట్లోకి మారింది. గొంతు కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది. విజిలేసే కుక్కరును ఆవిడ గడప తొక్కనివ్వలేదు. గాజులు వేసుకున్నా రెండేసికి మించి వేసుకోలేదు.

ఆఖరికి టీవీ కొన్నప్పుడు కూడా, పగలంతా దాని నోరు నొక్కే ఉంచేవారు. అసిరమ్మ సీరియల్ బొమ్మలు చూస్తూ మాటలు తనే అల్లుకునేది. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మా డ్రైవరు భార్యే కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చుని అల్లుకునేవారు. అసలు కథకంటే తమ కథే బాగుంటుందని వాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళలో టీవీ అంటే చూసేదే తప్ప వినేది కూడా అన్న సంగతి ఆ ఇద్దరికీ మరుపున పడిపోయిందంటే నేను నమ్ముతాను.

శంకరరావు సంగతీ కాస్త చెప్పాలి. మంచివాడే, కాకపోతే తన కంట పడనిది ఏదీ ఒప్పుకోడు. సిగ్నల్ పడిందని పక్కనున్న అసిస్టెంటు చెబితే చాలదు, తనూ చూసి పైకి చెప్పాలి, అప్పుడే బండి కదలాలి. ఉద్యోగం నేర్పిన ఈ గుణం ఇంట్లోకీ వచ్చేసింది. మరి డ్రైవరుకు పండగలా, పేరంటాలా? అమ్మవారి సంబరం నాడు ఆయన రాయగఢ్‌లో డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూములో పప్పు, చపాతీ తింటూ ఉంటాడు. అందుకని ఆ ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. దాన్ని వాళ్ళు ‘నాన్నకు చూపడం’ అంటారు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, పడుకుని లేచి, స్నానం చేశాక, అసిరమ్మ సంబరం నాటి చీరే మళ్ళీ కట్టుకుంటుంది. ఆయన వాటా గారెలు వేడిచేస్తుంది. అందరూ కూర్చుని జరిగిందంతా ఆయనకు మొదట్నుంచి చూపిస్తారు. ముందు ఫొటోలతో, తర్వాత క్యాసెట్లతో, ఇప్పుడు సీడీలతో. ఎవరైనా తొందరపడి ముందే చెప్పేస్తే ఆయనకు కోపం వచ్చేది.

వాళ్ళ కూతురు జ్యోతిర్మయి పన్నెండో క్లాసు. ఇంట్లో ఉంటే ఉన్నట్టే తెలియదు. కానీ సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండుకి వెళితే ఆ పిల్ల వేరే. అక్కడ కబడ్డీ ఆడుతుంది. ఒకరోజు మరిచిపోయిన మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి వెళ్ళిన అసిరమ్మ గట్టు మీదే నిలబడిపోయింది. జ్యోతిర్మయి ఒక్క ఊపిరిలో కూత పెడుతూ అవతలి జట్టులోకి దూసుకుపోతోంది. తెగని కూత, గ్రౌండంతా వినిపించే కూత. తను వదిలేసుకున్న గొంతు ఈ పిల్లకెలా వచ్చిందో అసిరమ్మకు అర్థం కాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీసా ఇవ్వకుండానే ఇంటికొచ్చేసింది.

రెండువేల ఏడో సంవత్సరం చలికాలంలో రాయ్‌పూర్‌లో జరిగిన రాష్ట్ర పోటీలో జ్యోతిర్మయి ఆడిన జట్టు గెలిచింది. పిల్లను భిలాయ్‌లో జరిగే క్యాంపుకు పిలిచారు. అక్కణ్ణుంచే జాతీయ పోటీలకు వెళ్ళే జట్టును ఎంచుతారు. పంపిస్తారో లేదో సోమవారానికల్లా చెప్పాలని కోచ్ మేడమ్ కబురు పెట్టింది. శంకరరావు అడ్డంగా తల తిప్పాడు.

“చెడుగుడు మా ఊళ్ళో నానూ ఆడినాను,” అన్నాడు. “కూత దగ్గర దొంగతనం చెయ్యనోడు నూటికొకడుండడు. ఇప్పుడాట మరీ కూతలేని ఆటయిపోనాది. నోట్లో గొణుక్కోడమే. దానికోసరం చదువొగ్గీసి కాళ్ళిరగ్గొట్టుకుంటాదేటి గుంట?”

“దాని ఆట నువ్వు సూసినావేటి మావా?” అంది అసిరమ్మ.

“నాకెక్కడ కుదిరింది?”

“మరి సూడకుండా సిగ్నల్ లేదని ఎలగంతన్నావు?”

శంకరరావు మీసం సవరించుకుని, “సరే, చూపించు. చూసి చెప్తాను,” అన్నాడు. ఆ మాట ఇచ్చి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున్న వస్తాడు. పిల్ల బతుకంతా ఇప్పుడు ఆ ‘చూపడం’ మీద ఆధారపడి ఉంది.

చూపడానికి సీడీ ఉంది. అసిరమ్మ తమ్ముడు రమణబాబు సీపత్‌లో కరెంటు ప్లాంటు కట్టే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. ఎవరిదో కెమెరా అడిగి తీసుకుని, అక్కతోపాటు రాయ్‌పూర్ వెళ్ళి మ్యాచ్‌లన్నీ తీశాడు. కానీ ఆ సీడీని ఇంట్లో ఉన్న పాత ప్లేయరులో పెడితే, అది కాసేపు తిప్పి చూసి, లోపల సీడీయే లేదని రాసి చూపించింది. అసిరమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది.

“అది మామూలు సినిమా సీడీలాటిది కాదక్కా,” అన్నాడు రమణబాబు. “మ్యాచ్‌లన్నీ ఒక్కదాంట్లోనే పట్టాలని కుదించి పెట్టినాను. బొంతని మడతపెట్టి, తాడేసి బిగించి, ట్రంకులో కుక్కీసినట్టన్నమాట. విప్పడం తెలిసిన ప్లేయరయితేనే విప్పుతాది. డబ్బా మీద డివ్‌ఎక్స్ అని రాసుంటాది చూడు. సీడీ పట్టుకెల్లి, దుకాణంలోనే ఆడించి, బాగుంటేనే కొను.”

“నువ్వు రారాదేటిరా?”

“సోమవారం దాకా సైటొగ్గి కదలనివ్వరక్కా. బావనే ఇక్కడికి తీసుకురా, కంప్యూటర్లో చూపిస్తాను.”

బావను ఎక్కడికి తీసుకెళుతుంది? రెస్టు ముగిస్తే ఏ నిమిషంలో అయినా డ్యూటీకి రమ్మని కాల్ వస్తుంది. డ్రైవరు ఇంటి దగ్గరే ఉండాలి. సరే, తనే ఎంచాలి అనుకుంది అసిరమ్మ. శనివారం మధ్యాహ్నం సీడీని చీరకొంగులో చుట్టుకుని, తోడుగా అప్పలనర్సమ్మను వెంటబెట్టుకుని బుధ్వారీ బజారుకు బయలుదేరింది. ఇద్దరు డ్రైవర్ల పెళ్ళాలు కలిసి వినే యంత్రం కొనడానికి వెళ్ళారన్నమాట. గుడ్డివాణ్ణి గుడ్డివాడు సంతకు తీసుకుపోయిన చందం.

హేమన్‌దాస్ దుకాణంలో గోడ నిండా టీవీలు. ఆయన మర్యాదస్తుడు. “బైఠియే బెహన్‌జీ,” అని స్టూళ్ళు వేయించి, ముందుగా ఒక పెద్ద కంపెనీ ప్లేయరు తీశాడు. నల్లగా, నున్నగా, పెళ్ళికొడుకు బూటులా మెరిసిపోతోంది. అసిరమ్మ సీడీ ఇచ్చింది. ప్లేయరు దాన్ని లోపలికి తీసుకుని, రుచి చూసి, వెంటనే బయటికి తోసేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసేసింది.

“మడి కట్టుకున్నాదేటి తల్లీ ఇది?” అంది అప్పలనర్సమ్మ.

ఇది కంపెనీ ముద్రించిన సినిమా డిస్కులు తప్ప ఇంకేవీ ముట్టదని హేమన్‌దాస్ హిందీలో ఒప్పుకున్నాడు. రెండోది తీశాడు. ఇది బండలా ఉంది. నుదుటి మీద రంగుల లైట్లు, మైకులు గుచ్చుకునే కన్నాలు. సీడీ పెట్టగానే గుర్రుమంటూ మొదలెట్టింది. మరుక్షణం టీవీలోంచి రాయ్‌పూర్ గ్రౌండులోని జనమంతా ఒక్కసారిగా ఈలలేసి అరిచారు. అసిరమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. అలవాటు కొద్దీ చెవులు మూసుకుని, “కమ్ కరో భయ్యా, కమ్ కరో!” అని, తగ్గించమని గోల పెట్టింది. పాపం హేమన్‌దాస్ ఠక్కున టీవీ నోరు నొక్కేశాడు. జనం అరుపులు ఆగాయి గానీ ప్లేయరు మాత్రం తన గుర్రు మానలేదు.

“ఇది పిండిమరలాగున్నాదే,” అంది అసిరమ్మ. “మా మావ పక్కగదిలో తొంగుంటే ఇది తిరగనిస్తాదేటి? ఒద్దు.”

మూడోది సన్నగా, బూడిదరంగులో, పెద్ద అందమేమీ లేకుండా ఉంది. డబ్బా మీద తమ్ముడు చెప్పిన అక్షరాలు ఉన్నాయో లేవో హేమన్‌దాస్ చేత చదివించుకుంది. సీడీ పెట్టారు. కాసేపటికి బొమ్మ వచ్చింది. పచ్చ బనీను, ఎర్ర నిక్కరు, బిగించి కట్టిన జడ. “మన జ్యోతే!” అంది అప్పలనర్సమ్మ. అసిరమ్మ వంగి ప్లేయరుకు చెవి ఆనించింది. గుట్టుగా తిరుగుతోంది. పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. ఆవిడ ముఖం విప్పారింది. బొమ్మను ముందుకు తోయించింది, వెనక్కి లాగించింది. కాలనీలో కరెంటు పోయి వస్తుంటుంది కదా అని స్విచ్చి ఆర్పించి, మళ్ళీ వేయించింది. వదిలిన చోటే అందుకుంది ప్లేయరు. ఇంజను తీసుకునే ముందు శంకరరావు కూడా అంత పరీక్ష చేస్తాడో లేదో.

“ఇదే ఇవ్వండి,” అంది. మనసులో గర్వంగా కూడా అనిపించింది. తమ్ముడూ లేకుండా, మొగుడూ లేకుండా తను ఎంచింది. టీవీ నోరు ఇందాకే నొక్కేశారని ఆ ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు.

ఆదివారం పొద్దున్న శంకరరావు వచ్చి పడుకున్నాడు. తల్లీకూతుళ్ళు పిల్లుల్లా నడుస్తూ ప్లేయరును టీవీకి తగిలించారు. నోరు నొక్కిన టీవీలో బొమ్మ చక్కగా వచ్చింది. జ్యోతిర్మయి తల్లి భుజం గిల్లి, “పక్కా ఉందమ్మా,” అని చెవిలో చెప్పింది.

మధ్యాహ్నం శంకరరావు లేచాడు. స్నానం, భోజనం అయ్యాయి. అసిరమ్మ రాయ్‌పూర్ వెళ్ళిన నాటి చీర కట్టుకుని వచ్చింది. జ్యోతిర్మయి పచ్చ బనీను వేసుకుంది. శంకరరావు మంచం మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని, “మరి సౌండు పెట్టండి,” అన్నాడు.

జ్యోతిర్మయి బటన్ నొక్కింది. సౌండు పెరుగుతున్నట్టు టీవీ మీద పచ్చగీతలు బారులు తీరాయి. చప్పుడు మాత్రం లేదు. వైర్లు పీకి మళ్ళీ గుచ్చారు. ఎర్రది తెల్లదాంట్లో, తెల్లది ఎర్రదాంట్లో పెట్టి చూశారు. పాత సినిమా సీడీ పెడితే ఇల్లు దద్దరిల్లేలా పాట వచ్చింది. ఆట సీడీ పెడితే మళ్ళీ మూగే. అసిరమ్మ వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది.

“అయ్యో,” అన్నాడు రమణబాబు. “బొమ్మనొకలాగ, సౌండునొకలాగ కుదించినానక్కా. నీ ప్లేయరు బొమ్మని విప్పుతన్నాది గానీ సౌండుని విప్పలేకపోతన్నాది. దుకాణంలో విన్లేదేటి నువ్వు?”

అసిరమ్మ ఏం చెబుతుంది? వినడమన్న సంగతే తట్టలేదని చెబుతుందా? గుర్రుమనే ప్లేయరయితే సౌండు వచ్చి ఉండేది. గుట్టుగా తిరుగుతోందని మూగదాన్ని ఎంచి తెచ్చుకుంది. చప్పుడు లేకుండా బతకడం ఇన్నేళ్ళు నేర్చుకున్నందుకు, ఆ నేర్పు తిరిగి తన పిల్ల కాళ్ళకే అడ్డం పడింది. ఆవిడకు ఏడుపు వచ్చింది. మార్చి తెద్దామన్నా ఆదివారం దుకాణం మూత.

ఆవిడ గదిలోకి వచ్చేసరికి ఇంకో పిడుగు. శంకరరావు ఫోన్లో “అచ్ఛా, ఠీక్ హై,” అంటున్నాడు. కాల్ వచ్చింది. సాయంత్రం బండి. తిరిగొచ్చేది బుధవారమే.

అప్పటిదాకా ఆయన మూగబొమ్మనే చూస్తున్నాడు. ఫైనల్ మ్యాచ్ నడుస్తోంది. “కాళ్ళు బానే ఆడతన్నాయి,” అన్నాడు పక్కన కూర్చున్న కూతురితో. “నోరూ ఆడతన్నాది. కూతుందో లేదో ఎవడికి తెలుసు? నోరెవడైనా ఆడిస్తాడు. కూత తెగితే ఆటే లేదు కదమ్మా.” లేచి, డ్యూటీకి పట్టుకెళ్ళే పెట్టె కోసం మంచం కిందికి వంగాడు. “బుధవారం ఒచ్చి చూస్తాన్లే.”

జ్యోతిర్మయి తల వంచుకుంది. ఆ ఇంట్లో పిల్లలకు ఏడవడం కూడా చప్పుడు లేకుండానే వచ్చు. సోమవారం గడిచాక బుధవారం వచ్చి ఏం లాభం? ఆ వంచిన తల చూసేసరికి అసిరమ్మకు ఏమయిందో ఏమో, పెట్టెకూ మొగుడికీ మధ్య వచ్చి నిలబడింది.

“కూకో మావా. టైమున్నాది,” అంది. కూతురి వైపు తిరిగింది. “ఆకర్ని కూతకి నువ్వెల్లినావు కదా, ఆ ఆట పెట్టు. ప్లేయరుకి గొంతు లేకపోతే నీకు లేదేటి? నువ్వు పెట్టు కూత.”

“ఇక్కడా?” అని గుసగుసలాడింది జ్యోతిర్మయి. “నాన్న ముందా? ఇంట్లోనా?”

“ఇంట్లోనే. గట్టిగా పెట్టు.”

జ్యోతిర్మయి లేచి నిలబడింది. రిమోటుతో బొమ్మను వెనక్కి లాగింది. టీవీలో చివరి నిమిషాలు. జట్టు వెనకబడి ఉంది. పచ్చ బనీను పిల్ల మధ్యగీత దగ్గర వంగి మట్టి ముట్టుకుంది. గదిలో ఉన్న పచ్చ బనీను పిల్ల గుండెల నిండా గాలి పీల్చుకుంది. అక్కడ గీత దాటగానే ఇక్కడ కూత లేచింది.

“కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ...”

ఆ క్వార్టరు గోడలు అంత చప్పుడు ఎప్పుడూ ఎరగవు. శంకరరావు అదిరిపడ్డాడు. తన కూతురికి అలాంటి గొంతు ఉందని ఆయనకు ఈ క్షణం దాకా తెలియదు. టీవీలోని పెదవులు చూశాడు, పక్కనున్న పెదవులు చూశాడు. రెండూ ఒక్కలాగే కదులుతున్నాయి. టీవీలో పిల్ల ఎడమవైపు మళ్ళింది, మూలనున్న పొడుగమ్మాయి భుజం తట్టింది, వెనుదిరిగింది. అంతలో ఇంకొక పిల్ల నేల మీదికి దూకి ఎడమకాలి చీలమండ పట్టేసుకుంది. జ్యోతిర్మయి బోర్లా పడింది. పైన మరో ఇద్దరు పడ్డారు. మధ్యగీత బారెడు దూరంలో ఉంది.

గదిలో కూత ఆగలేదు. సన్నబడింది, వణికింది, తెగలేదు. పిల్ల మెడనరాలు ఉబ్బాయి, ముఖం కందగడ్డ అయింది. టీవీలో ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ చెయ్యి ముందుకు పాకుతోంది. కూత సంగతి తేల్చుకోవాలని కూర్చున్న మనిషి కూత సంగతే మరిచిపోయాడు. మంచం దిగి టీవీ ముందుకు వచ్చేశాడు. “లాగమ్మా! లాగు! చెయ్యి సాచు!” అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఎప్పుడో జరిగిపోయిన ఆట, గెలిచిన ఆట. అయినా ఆయన తన సొంత కాలు ఎవరో పట్టుకున్నట్టు గింజుకుంటున్నాడు. వేలికొనలు గీతను తాకాయి. గదిలో కూత ఆగింది. ఆగాక గానీ తనూ ఊపిరి బిగబట్టి ఉన్నానని అసిరమ్మకు తెలియలేదు.

పక్కింటి నుంచి అప్పలనర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. “ఏటయిందే? ఎవర్ని కొడతన్నారు?”

శంకరరావు కూతురి చేతిలోంచి రిమోటు తీసుకుని, బొమ్మను వెనక్కి లాగి, చీలమండ దొరికిన చోట ఆపాడు.

“ఇక్కడ,” అన్నాడు, గాజు మీద వేలు పెట్టి. “ఎడంకాలు ఎందుకొగ్గీసినావు? ముందు కాలు లాక్కోవాల, ఆ తర్వాత తిరగాల. భిలాయ్ ఎల్లగానే ముందు అది నేర్పమని మీ మేడమ్‌తో చెప్పు.”

అసిరమ్మ మంచంకోడు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. జ్యోతిర్మయి ఏదో చెప్పబోయింది గానీ ఊపిరి ఇంకా అందలేదు. తల మాత్రం ఊపింది.

శంకరరావు గోడగడియారం వైపు చూశాడు. మంచం కింది పెట్టెను కాలితో లోపలికి తోసి, టీవీ ముందు నేల మీదే చతికిలబడ్డాడు.

“ఇంకోపాలి కూత పెడతావేటమ్మా?” అన్నాడు. “బండికి టైమున్నాది.”